‘ఆ ఫైల్ లేదు’ అని చెప్పడానికి ఎంత ఖర్చు?

విండోస్ కోసం రాసిన గేమ్ ఒకటి లైనక్స్ మీద నడుస్తోందనుకుందాం. మధ్యలో కూర్చుని విండోస్ లాగా జవాబులిచ్చేది వైన్ అనే సాఫ్ట్‌వేర్. ఫలానా ఫోల్డర్‌లో ఫలానా ఫైల్ ఉందా అని గేమ్ అడుగుతుంది. ఉంటే జవాబు ఇట్టే వచ్చేస్తుంది. లేకపోతేనే అసలు పని మొదలవుతుంది.

విండోస్‌లో మామూలుగా ఫైల్ పేర్లలో క్యాపిటల్ లెటర్స్‌కీ స్మాల్ లెటర్స్‌కీ తేడా ఉండదు. లైనక్స్‌కి ఆ రెండూ వేర్వేరు పేర్లు. వైన్ ముందు గేమ్ ఇచ్చిన స్పెల్లింగ్‌తోనే కెర్నెల్‌ని, అంటే లైనక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్‌ని, అడుగుతుంది. కెర్నెల్ ‘లేదు’ అన్నా, వైన్ ఆ మాటను గేమ్‌కి అప్పుడే అందించడానికి వీల్లేదు. అదే పేరు వేరే రకం అక్షరాలతో అక్కడే ఉండి ఉండొచ్చు. అందుకని ఫోల్డర్ మొత్తం తెరిచి, అందులోని ప్రతి పేరునూ చదివి, అక్షరాల తేడా పక్కన పెట్టి పోల్చి చూడాలి. 20,000 ఫైళ్లున్న ఫోల్డర్ అయితే 20,000 పోలికలు. అడిగిన పేరు పాత డాస్ కాలపు పొట్టి పేరులా కనిపిస్తే, ఒక్కో ఫైల్‌కీ పొట్టి పేరు లెక్కగట్టి దానితో కూడా పోల్చాలి. ఇంతా చేశాక వచ్చే జవాబు: లేదు.

పైగా ప్రోగ్రాములు లేని ఫైళ్ల కోసం తెగ వెతుకుతాయి. అప్‌డేట్ ఫోల్డర్‌లో కొత్త వెర్షన్ ఉందేమో, ఈ భాషకి వేరే బొమ్మ ఉందేమో, ఈ డీఎల్‌ఎల్ (ప్రోగ్రాములు వాడుకునే కోడ్ ఫైల్) మన ఫోల్డర్‌లో ఉందా, సిస్టమ్ ఫోల్డర్‌లో ఉందా అని వరసగా అడుగుతూ పోతాయి. వాటిలో చాలా ప్రశ్నలకి జవాబు ‘లేదు’ అనే వస్తుంది. అంటే అన్నిటికన్నా ఖరీదైన జవాబునే పదేపదే చెప్పాల్సి వస్తోంది.

దీనికి ఎవరికైనా తట్టే ఉపాయం ఒకటుంది. ఫోల్డర్‌లోని పేర్ల జాబితాను ఒకసారి చదివి మెమరీలో పెట్టుకుంటే సరి, తర్వాతి ప్రశ్నలన్నిటికీ అక్కడినుంచే చెప్పేయొచ్చు. వేగం అమాంతం పెరుగుతుంది. కానీ ఆ ఫోల్డర్ వైన్ ఒక్కదాని సొత్తు కాదు. పక్కనే నడుస్తున్న మరో లైనక్స్ ప్రోగ్రామ్ అందులో కొత్త ఫైల్ పెడితే, వైన్ దగ్గరున్న జాబితా ఆ క్షణం నుంచి తప్పు. మార్పు జరిగితే కబురు పెట్టమని కెర్నెల్‌ని కోరవచ్చు. ఆ కబురు మార్పు జరిగాకే వస్తుంది. మార్పుకీ కబురుకీ మధ్య సందులో ఎవరైనా అడిగితే, ఉన్న ఫైల్‌ని లేదని చెప్పినట్టవుతుంది. ఆ సందు ఎంత చిన్నదైనా, వేలసార్లు అడిగే చోట ఎప్పుడో ఒకసారి దొరికిపోతాం.

ఒక ఫైల్ సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్లను అమర్చి, వెతికిపెట్టే ఏర్పాటు) పద్ధతిని మరోదాని మీద నడిపించే సాఫ్ట్‌వేర్ అంతటా ఈ చిక్కే కనిపిస్తుంది. వైన్, లైనక్స్ ఫైళ్లను నెట్‌వర్క్ మీద విండోస్ కంప్యూటర్లకి అందించే సాంబా, లైనక్స్ తరహా ప్రోగ్రాముల్ని విండోస్‌లో నడిపే సిగ్విన్, విండోస్‌లో లైనక్స్‌ని నడిపే డబ్ల్యూఎస్ఎల్, విండోస్ సొంత ఫైల్ సిస్టమ్ అయిన ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కుల్ని లైనక్స్‌లో చదివే డ్రైవర్లు, అన్నీ ఈ కోవలోవే. వీటిలో వేగం చాలావరకు రెండు దారుల్లో వస్తుంది: పాత జవాబుని గుర్తుపెట్టుకుని మళ్లీ వాడటం, లేదా అసలు సిస్టమ్ ఇచ్చే హామీల్లో ఒకదాన్ని వదిలేయడం. మొదటిది కూడా చాలాసార్లు రెండోదే. అందుకే ‘కరెక్ట్‌గా ఉండాలా, వేగంగా ఉండాలా’ అనే ప్రశ్నతో ఏమీ తేలదని నా అభిప్రాయం. ఏ హామీని వదిలారు, ఆ నిర్ణయం ఎవరిది, దానివల్ల నష్టపోయే మనిషికి ఆ సంగతి తెలుసా అని అడిగితే విషయం బోధపడుతుంది.

వైన్ కథలో మూడో దారి కూడా ఒకటుంది. పైన ఖరీదైన పనిని కిందికి దించితే అక్కడ చవకగా అయిపోవచ్చు. 2019లో వచ్చిన లైనక్స్ 5.2లో ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌కి కేస్‌ఫోల్డ్ సదుపాయం చేరింది. ఎంచుకున్న ఫోల్డర్‌లో మాత్రం క్యాపిటల్, స్మాల్ తేడా లేకుండా వెతకమని కెర్నెల్‌కే చెప్పొచ్చు. పేరుని ముందు ఒకే రూపంలోకి మార్చి, ఆ రూపానికి హ్యాష్ (పేరు నుంచి లెక్కగట్టే ఒక అంకె) కట్టి, దాని ప్రకారం వెతుకుతుంది. ఏ స్పెల్లింగ్‌తో అడిగినా వెళ్లేది ఒకే చోటికి. 20,000 పోలికల బాధ తప్పింది, హామీ ఒక్కటీ పోలేదు. ఇప్పటికే ఫైళ్లున్న ఫోల్డర్‌కి మాత్రం ఈ గుర్తు పెట్టనివ్వరు, ఖాళీగా ఉన్నదానికే పెట్టాలి. పాత హ్యాష్‌లు కొత్త లెక్కకి సరిపోవు, ఒకే పేరు రెండు స్పెల్లింగ్‌లతో ముందే ఉంటే ఏది అసలుదో తేల్చడం కుదరదు.

ఈ పని చేసిన గాబ్రియేల్ క్రిస్మన్ బెర్తాజీ మొదటి వెర్షన్‌లో తీసుకున్న ఒక నిర్ణయం నాకు చాలా నచ్చుతుంది. లైనక్స్ కెర్నెల్ ‘ఈ పేరుతో ఫైల్ లేదు’ అన్న జవాబుని కూడా మెమరీలో దాచుకుంటుంది. దాన్ని నెగెటివ్ డెంట్రీ అంటారు. కేస్‌ఫోల్డ్ ఫోల్డర్లకి ఆయన దాన్ని వాడలేదు. ఎందుకో చూడండి. ఎవరో ఒక పేరుని అన్నీ స్మాల్ లెటర్స్‌తో అడిగారు, లేదన్న జవాబు మెమరీలో పడింది. తర్వాత మరొకరు అదే పేరుతో, అన్నీ క్యాపిటల్స్‌లో, కొత్త ఫైల్ సృష్టించారు. కెర్నెల్ ఆ పాత జవాబుని పట్టుకుని పని కానిస్తే ఫైల్ స్మాల్ లెటర్స్ పేరుతో పుడుతుంది. వెతికేటప్పుడు తేడా చూడకపోయినా, పెట్టిన పేరుని పెట్టినట్టే ఉంచాలన్నది నియమం. అది చెడిపోతుంది. లేవన్న ఫైళ్ల డెంట్రీలను నమ్మలేమని, దీనివల్ల పనితీరు దెబ్బతింటుందని, సరిచేయాలంటే కెర్నెల్‌లో ఫైల్ సిస్టమ్‌లకి పైనున్న పొరలో మార్పులు కావాలని ఆ మార్పుతో పాటు రాసిన వివరణలోనే ఉంది. కొన్నేళ్ల తర్వాత ఆ మార్పులూ ఆయనే చేశారు, నెగెటివ్ డెంట్రీలు తిరిగొచ్చాయి. ముందు నిదానంగా, కానీ కచ్చితంగా పనిచేసేది ఇచ్చి, ఏది నిదానమో బాహాటంగా రాసిపెట్టి, కచ్చితత్వం చెడని దారి దొరికాక వేగం పెంచారు. తప్పుని వేగంగా నడిపించి తర్వాత దిద్దుకోవడం ఇంతకన్నా చాలా కష్టం. ఈలోగా పుట్టిన తప్పుడు పేర్లు జనం డిస్కుల్లో ఉండిపోతాయి.

పేర్ల సంగతి ఇంకా లోతైనది. క్యాపిటల్, స్మాల్ ఒకటే అన్న నియమం ఇంగ్లీషు అక్షరాలు 26 వరకే తేలిక. జర్మన్, టర్కిష్ అక్షరాల దగ్గరికొచ్చేసరికి ఏది దేనికి జోడీ అన్నదాని మీదే రకరకాల పద్ధతులున్నాయి. ఎన్‌టీఎఫ్ఎస్ దీనికి గట్టి పరిష్కారం చూపింది. ఏ అక్షరానికి క్యాపిటల్ రూపం ఏదో చెప్పే పట్టికను ఆ డిస్కులోనే దాస్తుంది. 65,536 ఎంట్రీలు, ఒక్కోటి 2 బైట్లు, మొత్తం 128 కేబీ. లైనక్స్‌లో ఆ డిస్కుని తెరిచే డ్రైవర్ తన సొంత పట్టికతో పోలిస్తే తేలికే, కానీ ఏదో ఒక అరుదైన అక్షరం దగ్గర విండోస్‌కి దొరికే ఫైల్ దానికి దొరకదు.

తెలుగులో క్యాపిటల్స్ లేవు కదా, మనకి ఈ గొడవ లేదనుకుంటాం. ‘కై’ అన్న అక్షరాన్ని తీసుకోండి. కీబోర్డ్ మీద టైప్ చేస్తే సాధారణంగా రెండు కోడ్‌లు పడతాయి: క, దాని మీద ఐత్వం. కోడ్‌లను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 6 బైట్లు. కానీ అక్షరాలకి ఈ కోడ్‌లిచ్చే యూనికోడ్ నియమాల ప్రకారం ఐత్వాన్ని ఎత్వంగానూ కింది గుర్తుగానూ విడదీసి కూడా రాయొచ్చు. అప్పుడు మూడు కోడ్‌లు, 9 బైట్లు. తెర మీద చూస్తే రెండూ ఒకటే. ఆపిల్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేర్లన్నిటినీ ఇలా విడదీసి దాచుకునేది. ‘కైలాసం’ అని పేరు పెట్టి మాక్‌లో దాచిన ఫైల్ పేరు తిరిగి చదివితే వేరే బైట్లు వచ్చేవి. బైట్లను మాత్రమే చూసే లైనక్స్‌కి అవి రెండు వేర్వేరు ఫైళ్లు. ప్రాజెక్టు ఫైళ్లలో మార్పుల చరిత్రని దాచే గిట్ లాంటి ప్రోగ్రామ్‌కి, ఉన్న ఫైల్ పోయినట్టూ అదే పేరుతో కొత్తది పుట్టినట్టూ కనిపించేది. 2012లో గిట్ దీనికోసం ప్రత్యేకంగా ఒక సెట్టింగ్ తేవాల్సి వచ్చింది. మాక్‌లో చదివిన పేర్లను తిరిగి కలిపిన రూపంలోకి మార్చే పని అది.

పేర్ల పోలికలో అలసత్వం ఎంతవరకు పోగలదో 2014 డిసెంబరులో బయటపడింది. గిట్ తన సొంత సమాచారమంతా చుక్కతో మొదలయ్యే గిట్ ఫోల్డర్‌లో దాస్తుంది. ఎవరైనా పంపిన ప్రాజెక్టులో ఆ పేరుతో ఫైళ్లుంటే వాటిని తిరస్కరిస్తుంది. కానీ ఆ తనిఖీ కచ్చితమైన స్పెల్లింగ్‌కే ఉండేది. అదే పేరుని క్యాపిటల్ కలిపి రాస్తే తనిఖీ దాటిపోయేది, విండోస్, మాక్‌లలో మాత్రం అది అసలు ఫోల్డర్‌లోకే వెళ్లి పడేది. హెచ్ఎఫ్ఎస్ ప్లస్ అయితే కంటికి కనిపించని కొన్ని యూనికోడ్ గుర్తుల్ని పోలికలో లెక్కలోకే తీసుకోదు కాబట్టి, పేరు మధ్యలో అలాంటిదొకటి దూర్చినా సరిపోయేది. ఆ దారిన సెట్టింగుల ఫైల్‌ని మార్చేసి, ఎదుటివాళ్ల కంప్యూటర్‌లో తమకి కావలసిన కమాండ్ నడిపించగలిగేవాళ్లు. పేర్లు పోల్చడంలో తేడా చిన్న విషయం అనేవాళ్లకి నేను గుర్తుచేసేది ఈ ఉదంతమే.

ఇప్పుడు ఇటునుంచి అటు చూద్దాం, అంటే లైనక్స్ పద్ధతిని విండోస్ మీద నడిపించడం. లైనక్స్ ప్రోగ్రాములు ఫైల్ వివరాలను లెక్కలేనన్నిసార్లు అడుగుతాయి: సైజ్ ఎంత, ఎప్పుడు మారింది, ఎవరి అనుమతులున్నాయి. లైనక్స్‌లో అది చాలా చవకైన ప్రశ్న, పేరు చెబితే చాలు. విండోస్‌లో ఆ వివరాలన్నీ పూర్తిగా కావాలంటే చాలాకాలం ఉన్న దారి ఫైల్‌ని తెరవడం, అడగడం, మూయడం. తెరిచిన ప్రతిసారీ యాంటీవైరస్ లాంటి ఫిల్టర్ల గుండా పోవాలి. సిగ్విన్‌లో ఇంకో మెలిక ఉంది. అనుమతుల జాబితా లేని డిస్కుల మీద, ఈ ఫైల్ నడిపించదగ్గదా కాదా అని చెప్పడానికి అది ఫైల్ తెరిచి మొదటి బైట్లు చదవాల్సి వస్తుంది. ఫోల్డర్ లిస్ట్ చూపించమంటే, ఒక్క బిట్ సమాచారం కోసం ఫైళ్లన్నీ తెరవడమన్నమాట. అందుకే ‘ఇక్కడున్నవన్నీ నడిపించదగ్గవే’ అనో ‘ఏవీ కావు’ అనో ముందే చెప్పే మౌంట్ ఆప్షన్లు (డిస్కునో ఫోల్డర్‌నో జోడించేటప్పుడు ఇచ్చే సెట్టింగులు) పెట్టారు. అబద్ధమే, కానీ వాడుకునేవాళ్లు తెలిసి ఎంచుకున్న అబద్ధం.

డబ్ల్యూఎస్ఎల్ మొదటి వెర్షన్ 2016లో వచ్చినప్పుడు లైనక్స్ సిస్టమ్ కాల్స్‌ని (ప్రోగ్రాములు కెర్నెల్‌ని పని అడిగే పిలుపుల్ని) ఒక్కొక్కటిగా విండోస్ కెర్నెల్ పనులుగా మార్చేది. చిన్నచిన్న ఫైళ్లు వేలల్లో ఉండే పనుల్లో అది బాగా నెమ్మదించింది. 2019లో ప్రకటించిన రెండో వెర్షన్‌లో మైక్రోసాఫ్ట్ ఆ దారే మార్చుకుంది. తేలికపాటి వర్చువల్ మెషీన్‌లో అసలైన లైనక్స్ కెర్నెల్, దాని కింద ఈఎక్స్‌టీ4 డిస్క్. చాలా ఫైళ్లను ఒకటిగా కట్టి కంప్రెస్ చేసిన టార్ ఫైల్‌ని విప్పడం 20 రెట్ల దాకా, గిట్ క్లోన్ (ప్రాజెక్టు మొత్తానికి నకలు తెచ్చుకోవడం) వంటివి 2 నుంచి 5 రెట్లు వేగంగా అవుతాయని అప్పట్లో కంపెనీ చెప్పింది. అనువాదం మానేస్తే కచ్చితత్వమూ వేగమూ కలిసొచ్చాయి. కానీ ఖర్చు మాయం కాలేదు, సరిహద్దు దగ్గరికి జరిగింది. లైనక్స్ వైపు నుంచి విండోస్ డ్రైవ్‌లోని ఫైళ్లను తాకితే ప్రతి పనీ 9పీ అనే ప్రోటోకాల్ మీదుగా అటు వెళ్లి రావాలి, అది మొదటి వెర్షన్ కన్నా నెమ్మది. అందుకే ప్రాజెక్టు ఫైళ్లను లైనక్స్ వైపే ఉంచుకోమని మైక్రోసాఫ్ట్ సలహా ఇస్తుంది.

గిట్ విండోస్ వెర్షన్ ఇదే బాధకి వేసిన మందు చూడదగ్గది. ఒక్కో ఫైల్‌నీ విడిగా అడగకుండా ఫోల్డర్ లిస్ట్‌తో పాటే వచ్చే వివరాలను ఒకేసారి తెచ్చుకుని, ఆ కమాండ్ నడుస్తున్నంతసేపే దాచుకుంటుంది. కమాండ్ అయిపోగానే ఆ సమాచారమూ పోతుంది. జ్ఞాపకానికి గడువుంటే తప్పు ఎంతసేపు బతుకుతుందో మనకి తెలుస్తుంది. అయినా ఇందులో కూడా ఒక సన్నని చీలిక ఉంది. ఎన్‌టీఎఫ్ఎస్‌లో సైజ్, తేదీలు నిజానికి ఫైల్‌కి చెందినవి, ఫోల్డర్‌లో కనిపించేది వాటి నకలు మాత్రమే. ఒకే ఫైల్‌కి రెండు పేర్లుండి, ఒక పేరుతో తెరిచి మారిస్తే, రెండో పేరు దగ్గరున్న నకలు పాతదే చూపించవచ్చు. అంటే వేగం కోసం ఎన్‌టీఎఫ్ఎస్ ముందే పెట్టుకున్న ఏర్పాటు మీద గిట్ తన ఏర్పాటు కట్టుకుంది. ఇలా ఒకే ఫైల్‌కి రెండు పేర్లు పెట్టే హార్డ్ లింకులు వాడని మామూలు ప్రాజెక్టులకి దీనితో ఇబ్బంది లేదు. వాడేవాళ్లు తెలుసుకుని ఉండటం మంచిది.

ఇంతవరకూ చెప్పినవి కనిపించే తప్పులు. ఫైల్ దొరకలేదు, పేరు మారింది, సైజ్ తప్పు. వీటికన్నా నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది డిస్కు మీదికి రాసే హామీ. ప్రోగ్రామ్ ‘ఇది డిస్కు మీదికి చేరేదాకా ఆగుతాను’ అంటుంది. మధ్యలోని సాఫ్ట్‌వేర్ చేరకుండానే చేరిందని చెబితే ఎక్కడా ఏ లోపమూ కనిపించదు, టెస్టులన్నీ పాసవుతాయి, స్పీడ్ పరీక్షలో అంకెలు అదిరిపోతాయి. కరెంట్ పోయిన రోజున మాత్రం డేటాబేస్ పాడైపోతుంది. అప్పుడు నింద డేటాబేస్ మీదికో డిస్కు మీదికో పోతుంది.

సాంబా చాలాకాలం ఇదే చేసింది. విండోస్ క్లయింట్లు ‘ఫ్లష్’ చేయమని, అంటే రాసిందాన్ని డిస్కు దాకా పంపమని కోరితే డిఫాల్ట్‌గా పట్టించుకునేది కాదు. దానికి కారణం లేకపోలేదు. విండోస్ 98 ఎక్స్‌ప్లోరర్ లాంటి ప్రోగ్రాములు బఫర్ ఖాళీ చేయడానికీ డిస్కు దాకా పంపడానికీ తేడా లేకుండా అవసరం లేని చోట కూడా ఆ కోరిక పంపేవని దాని మాన్యువల్‌లోనే రాసి ఉంది. ప్రతిదీ మన్నిస్తే సర్వర్ కుంటుకుంటూ నడుస్తుంది. కానీ క్లయింట్లు మారాయి, నిజంగా అవసరమైనప్పుడే అడగడం నేర్చుకున్నాయి. 2017లో సాంబా 4.7తో ఆ డిఫాల్ట్‌ని తిప్పేశారు, అడిగితే డిస్కు దాకా పంపడమే మామూలు పద్ధతయింది. నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే లైనక్స్ ఎన్ఎఫ్ఎస్ సర్వర్‌దీ ఇదే దారి. దాని టూల్స్ 1.0.0 వెర్షన్ వరకు, డిస్కుకి చేరకముందే ‘అయింది’ అని చెప్పే పద్ధతి డిఫాల్ట్. ఆ తర్వాతి వెర్షన్లలో చేరాకే చెప్పడం డిఫాల్ట్. రెండు వేర్వేరు ప్రాజెక్టులు, రెండూ వేగంతో మొదలై కచ్చితత్వం వైపే తిరిగాయి. రెండిట్లోనూ పాత పద్ధతి ఆప్షన్‌గా మిగిలింది. కావాలనుకున్నవాళ్లు తమ చేత్తో ఆ లైన్ రాసుకోవాలి.

ప్రోగ్రాముల్ని కంటైనర్ అనే విడి పెట్టెలో ఉంచి నడిపే డాకర్ 2017లో మాక్ వెర్షన్‌కి తెచ్చిన మౌంట్ ఆప్షన్లలో ఈ నిజాయితీ బాగా కనిపించింది. మాక్‌లోని ఫోల్డర్‌ని కంటైనర్‌లో చూపించడం నెమ్మదిగా ఉందని అందరూ గోల పెడుతుంటే, చప్పుడు కాకుండా క్యాష్ (పాత జవాబుల్ని దాచుకునే జ్ఞాపకం) పెట్టేయలేదు. మూడు పేర్లు ఇచ్చారు: కన్సిస్టెంట్, క్యాష్డ్, డెలిగేటెడ్. మొదటిదాంట్లో ఇరువైపులా ఎప్పుడూ ఒకటే కనిపిస్తుంది. రెండోదాంట్లో మాక్ వైపు మార్పు కంటైనర్‌కి ఆలస్యంగా తెలియొచ్చు. మూడోదాంట్లో కంటైనర్ రాసింది మాక్‌కి ఆలస్యంగా చేరొచ్చు. ఏ వైపు ఏం వదులుకుంటున్నామో ఆప్షన్ల వివరణ చదివితే తెలిసిపోతుంది. తర్వాత ఫైల్ షేరింగ్ పద్ధతే మారడంతో ఆ ఆప్షన్లకి పని లేకుండా పోయింది.

చివరగా లైనక్స్‌లో ఎన్‌టీఎఫ్ఎస్ సంగతి. కెర్నెల్‌లోని పాత డ్రైవర్ ఎంత జాగ్రత్తగా ఉండేదంటే, ఉన్న ఫైల్‌ని తిరగరాయడం తప్ప కొత్త ఫైల్ సృష్టించడానికి కూడా ఒప్పుకునేది కాదు. తెలియని నిర్మాణాన్ని పాడుచేయడం కన్నా పని చేయకపోవడం నయం అన్న లెక్క. 2007లో స్థిరమైన వెర్షన్‌గా వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్-3జీ పూర్తిగా రాయగలిగింది, కానీ కెర్నెల్ బయట, ఫ్యూజ్ అనే వంతెన ద్వారా నడుస్తుంది కాబట్టి ప్రతి పనికీ అటూ ఇటూ తిరగాలి. 2021లో లైనక్స్ 5.15లో పారగాన్ సంస్థ ఇచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్3 చేరాక, పూర్తిగా రాయడం, కెర్నెల్‌లోనే నడవడం రెండూ ఒకచోట దొరికాయి.

ఎన్‌టీఎఫ్ఎస్-3జీ దగ్గర చాలామందికి విసుగు తెప్పించే ప్రవర్తన ఒకటుంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం వచ్చింది. షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, కెర్నెల్ తన మెమరీని ఒక ఫైల్‌లో దాచుకుని నిద్రపోతుంది. ఆ మెమరీలో డిస్కు నిర్మాణం ఎలా ఉందన్న జ్ఞాపకం కూడా ఉంటుంది. ఈలోగా అదే కంప్యూటర్‌లో లైనక్స్ తెరిచి ఆ డిస్కు మీద ఏదైనా రాస్తే, నిద్ర లేచిన విండోస్ పాత జ్ఞాపకాన్నే నమ్మి దానిమీద తన రాత రాస్తుంది. ఫైళ్లు పోతాయి. అందుకే ఎన్‌టీఎఫ్ఎస్-3జీ ఆ నిద్ర ఫైల్‌ని చూడగానే రాయడానికి తెరవనంటుంది. కావలసిన ఫైల్ కళ్లముందు కనిపిస్తుంటుంది, మార్చి సేవ్ చేయబోతే కుదరదంటుంది. కోపం రావడం సహజం. దాటిపోయే ఆప్షన్ ఉంది: ఆ నిద్ర ఫైల్‌ని తీసేయమని చెప్పొచ్చు. అలా చేస్తే విండోస్ దాచుకున్న స్థితి పోతుందని మాన్యువల్‌లో స్పష్టంగా ఉంటుంది. ఇంకా మంచి దారి విండోస్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ ఆపేసి, పూర్తిగా షట్‌డౌన్ చేసి రావడం. ఆ తర్వాత అదే డిస్కు ఏ అభ్యంతరమూ లేకుండా రాయడానికి తెరుచుకుంటుంది. విండోస్ మళ్లీ ఆన్ అవడానికి మాత్రం కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది.